10 మీటర్ల ఎయిర్ రైఫిల్: సొంత సాధన ఎక్కడిదాకా, కోచ్ ఎక్కడినుంచి (ప్రాజెక్టు డైరీ)

రైఫిల్ గురి సొంతంగా ఎంతవరకు పట్టుబడుతుంది, కోచ్ చేతిలో పడ్డాక ఏం మారుతుంది అన్నది కార్డు మీద చిల్లులు కొలిచి తేల్చుకోవడానికి ఈ లెక్క రాసుకుంటూ వచ్చాం. ముందు సొంత సాధన, అది ఆగిపోయిన చోట కోచ్, ఆ తర్వాత ఎవరి పని ఏదో పంచుకోవడం. ఇదీ క్రమం. షూటర్ ఒక్కరే, కుడిచేతి వాటం. రైఫిల్ ఒక్కటే. ఎడమచేతి వాటం వాళ్లు కుడి ఎడమలు తిప్పి చదువుకోవాలి.

దశ 0: సరంజామా, జాగ్రత్తలు

వాడినది 4.5 మి.మీ. పీసీపీ మ్యాచ్ రైఫిల్ (ముందే నింపిన గాలి ఒత్తిడితో పెల్లెట్‌ను, అంటే చిన్న సీసపు గుండును, తోసేది). వెనక పీప్ సైట్ (చిన్న రంధ్రంలోంచి చూసే గురి సాధనం), ముందు గొట్టంలో మార్చుకునే రింగులు. పీసీపీ ఎంచుకోవడానికి అసలు కారణం డ్రై ఫైర్. మ్యాచ్ పీసీపీల్లో పెల్లెట్ లేకుండా, గాలి వదలకుండా ట్రిగ్గర్ సాధన చేసే ఏర్పాటు ఉంటుంది. స్ప్రింగ్ పిస్టన్ రైఫిల్‌ను పెల్లెట్ లేకుండా పేలిస్తే పిస్టన్ ఎదురు ఒత్తిడి లేకుండా దూసుకెళ్లి గుద్దుకుంటుంది, సీల్ పాడవుతుంది. స్ప్రింగ్ రైఫిలే ఉన్నవాళ్లు ఈ డైరీలోని డ్రై ఫైర్ భాగాన్ని అలాగే చేయకండి.

1. బ్యారెల్ కొన ఎప్పుడూ టార్గెట్ వైపే. రైఫిల్ ఖాళీ అని తెలిసినా సరే.
2. ముందు సైట్ రింగులో టార్గెట్ మధ్యలోని నల్ల బిళ్ల కుదిరేదాకా వేలు ట్రిగ్గర్ గార్డు బయటే.
3. కింద పెట్టేటప్పుడు బోల్టు తెరిచి, బ్యారెల్‌లో సేఫ్టీ ఫ్లాగ్ (బ్యారెల్ ఖాళీ అని చూపే రంగు తీగ) దూర్చి పెట్టాలి.
4. డ్రై ఫైర్ చేసే గదిలో పెల్లెట్ డబ్బా ఉండకూడదు.
5. పెల్లెట్లు సీసం. చేతులు సబ్బుతో కడుక్కున్నాకే తిండి, నీళ్లు.
6. గాలి సిలిండర్ మీద ముద్రించిన గడువు తేదీ చూడాలి. గడువు దాటినదాన్ని నింపకూడదు.

కోచ్ లేకుండా మొదలుపెట్టినా ఈ ఆరింటిని మాత్రం రేంజ్ సిబ్బంది ఎదురుగా ఒకసారి చేసి చూపించాలి. సొంతంగా నేర్చుకుంటే చాలదనిపించిన మొదటి సంగతి ఇదే.

కొలిచే పద్ధతి

ఐఎస్ఎస్ఎఫ్ (అంతర్జాతీయ షూటింగ్ సమాఖ్య) 10 మీటర్ల రైఫిల్ టార్గెట్‌లో పదో రింగు కేవలం 0.5 మి.మీ. చుక్క. తొమ్మిదో రింగు వ్యాసం 5.5 మి.మీ. అక్కడినుంచి ఒక్కో రింగుకు 5 మి.మీ. పెరుగుతూ ఒకటో రింగు 45.5 మి.మీ.కి చేరుతుంది. మధ్యలో నల్ల బిళ్ల 30.5 మి.మీ. పెల్లెట్ అంచు రింగును తాకినా పాయింటు ఇస్తారు కాబట్టి, చిల్లు కేంద్రం టార్గెట్ కేంద్రానికి 2.5 మి.మీ. లోపు ఉంటే 10, 5 మి.మీ. లోపు ఉంటే 9. దశాంశ స్కోరు కావాలంటే ఆ దూరాన్ని 2.5తో భాగించి 11లోంచి తీసేస్తే సరిపోతుంది.

1. ఒక కార్డుకు ఒకే దెబ్బ. పది కొడితే చిల్లులు కలిసిపోయి కొలత రాదు.
2. కార్డు మీద నిలువు, అడ్డం గీతలు గీసి, వెర్నియర్ క్యాలిపర్‌తో చిల్లు రెండు అంచులూ కొలిచి సగటు తీసుకోవాలి. కాగితం చిరిగి లోపలికి ముడుచుకుంటుంది, చిల్లు పెల్లెట్ కన్నా చిన్నగా కనిపిస్తుంది. ఒకే అంచు కొలిచి 2.25 తీసేస్తే తప్పు లెక్క వస్తుంది.
3. పది దెబ్బల అడ్డం సగటు, నిలువు సగటు కలిస్తే గ్రూపు (ఆ దెబ్బల గుంపు) కేంద్రం. అది టార్గెట్ కేంద్రంలో లేకపోతే సైట్ సంగతి చూడాలి.
4. గ్రూపు కేంద్రం నుంచి ఒక్కో చిల్లు దూరం కొలిచి సగటు తీస్తే సగటు వ్యాసార్ధం. దీనికి బాధ్యత షూటర్‌ది.

మూడూ నాలుగూ విడదీయకపోతే మనిషి తప్పును సైట్ తిప్పి సరిచేయబోతాం. సొంతంగా నేర్చుకునేవాళ్ల పెల్లెట్లలో ఎక్కువ భాగం ఇక్కడే వృథా అవుతుంది.

చాలామంది గ్రూపు కొలవడానికి దూరంగా పడ్డ రెండు చిల్లుల మధ్య దూరం చూస్తారు. దెబ్బల సంఖ్య పెరిగే కొద్దీ ఆ దూరం దానంతటదే పెరుగుతుంది. చెదురు మారకుండా అలాగే ఉన్నా, మూడు దెబ్బల గ్రూపు సగటున 24 మి.మీ. వచ్చే షూటర్‌కు ఐదు దెబ్బలకు 31, పది దెబ్బలకు 38 వస్తుంది. కాబట్టి నిన్నటి మూడు దెబ్బలతో ఇవాళ్టి పది దెబ్బలను పోల్చి కుంగిపోవద్దు, పొంగిపోనూ వద్దు. ఈ డైరీలో అన్నీ పది దెబ్బల సగటు వ్యాసార్ధాలే.

దశ 1: బల్ల మీద రైఫిల్ సంగతి తేల్చడం (సొంతంగా)

మనిషిని కొలిచే ముందు రైఫిల్‌ను కొలవాలి. ఇసుక సంచి మీద రైఫిల్ ముందు కర్ర (బ్యారెల్ కింది భాగం) ఆనించి, బ్యారెల్ మాత్రం దేనికీ తగలకుండా కాల్చాం.

1. చదును తల పెల్లెట్లు, తల వ్యాసం 4.49, 4.50, 4.51 మి.మీ. ఒక్కో సైజులో 20. చదును తల కాగితాన్ని గుండ్రంగా కోస్తుంది, మొనతేలినది చింపుతుంది.
2. 4.50 సైజుకు సగటు వ్యాసార్ధం 1.4 మి.మీ. 4.49కి 1.9, 4.51కి 1.6. ఈ బ్యారెల్‌కు 4.50 తీసుకున్నాం. ఇంకో బ్యారెల్‌కు ఇదే కుదురుతుందని లేదు.
3. సైట్ క్లిక్కు విలువ: పది క్లిక్కులు కుడికి తిప్పి గ్రూపు ఎంత జరిగిందో కొలిచాం. 2.6 మి.మీ. అంటే క్లిక్కుకు 0.26. పెట్టె మీది అంకెను నమ్మకుండా ఇలా తేల్చుకోవడం మంచిది.
4. పది క్లిక్కులు వెనక్కి తిప్పి, గ్రూపు మొదటి చోటికి వచ్చిందో లేదో చూశాం. రాకపోతే సైట్ స్క్రూల్లో ఆట ఉన్నట్టు.

రెండు సైట్ల మధ్య దూరం 80 సెం.మీ. ఉంటే, 10 మీటర్ల దూరంలో 1 మి.మీ. జరగడానికి వెనక సైట్ 0.08 మి.మీ. జరిగితే చాలు. సైట్ బిగించే స్క్రూ ఎందుకు గట్టిగా ఉండాలో దీన్నిబట్టే తెలుస్తుంది.

ఈ దశకు కోచ్ అవసరం రాలేదు. క్యాలిపర్, ఓపిక ఉంటే ఎవరైనా చేయగలరు.

మొత్తం ఇప్పటికి: పెల్లెట్లు 100. డ్రై ఫైర్ 0.

దశ 2: నిలబడి, సొంతంగా

మొదటి కార్డుల సగటు వ్యాసార్ధం 12 మి.మీ., అంటే స్కోరు 6.2 చుట్టూ. బల్ల మీద 1.4 చూశాం కాబట్టి, మిగిలినదంతా మనిషి వల్లే అని తేలిపోయింది.

ఇక్కడ త్వరగా పని చేసినవి మూడు.

ముందు రింగు. 3.4 మి.మీ. రింగులో నల్ల బిళ్ల చుట్టూ తెల్లటి అంచు సన్నగా కనిపించేది. ఊపు కాస్త ఎక్కువైనా బిళ్ల రింగుకు తగులుతున్నట్టు అనిపించి, వేలు ట్రిగ్గర్‌ను లాగేసేది. 4.2 మి.మీ.కి మార్చాం. ఊపు తగ్గలేదు, ఆత్రం తగ్గింది. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు పెద్ద రింగుతోనే మొదలుపెట్టాలి.

కాల్. పేలిన క్షణంలో బిళ్ల ఎక్కడుందో, కార్డు చూడకముందే నోటితో చెప్పాలి: "కుడి, కింద, ఎనిమిది." తర్వాత కార్డు చూసి రెండూ పక్కపక్కన రాయాలి. కాల్‌కీ చిల్లుకీ పొత్తు కుదిరితే, తప్పు జరిగినా కంటికి కనిపిస్తోందన్నమాట. కుదరకపోతే షూటర్ కన్ను మూస్తున్నాడు, లేదా పేలగానే తల ఎత్తుతున్నాడు. ఒంటరిగా సాధన చేసేవాళ్లకు ఇంతకన్నా మంచి గురువు లేదు, పైసా ఖర్చు కూడా లేదు.

ఫాలో త్రూ. పెల్లెట్ వేగం సెకనుకు 170 మీటర్ల చుట్టుపక్కల. ట్రిగ్గర్ తెగినప్పటినుంచి పెల్లెట్ బ్యారెల్ దాటేదాకా రైఫిల్ ఎటు కదిలితే అటే పోతుంది. అందుకే పేలాక ఒకటి రెండు లెక్కపెట్టేదాకా వేలు వెనకే, చెంప కర్ర మీదే ఉండాలి.

ఒక్కో దెబ్బకు స్థిరపడ్డ క్రమం:

1. లేన్ నంబరు, టార్గెట్ నంబరు చూడు.
2. ఎత్తు, చెంప ఆనించు, వేలు బయటే.
3. రెండు ఊపిరులు. రెండోది వదిలాక, ఊపిరితిత్తుల్లో కొంచెం గాలి ఉండగా ఆపు.
4. ట్రిగ్గర్‌ను మొదటి దశ దాకా, అంటే అడ్డు తగిలేదాకా, లాగి ఆగు. చూపు ముందు రింగు మీద.
5. ఎనిమిది సెకన్ల లోపు పేలకపోతే దించెయ్. మళ్లీ మొదటినుంచి.

మొదటి మెట్టు తేలిగ్గా తీసుకోవద్దు. 2004 ఏథెన్స్ ఒలింపిక్స్‌లో 50 మీటర్ల రైఫిల్ త్రీ పొజిషన్స్ ఫైనల్లో ముందంజలో ఉన్న మాథ్యూ ఎమన్స్, ఆఖరి దెబ్బను పక్క లేన్ టార్గెట్‌కు కొట్టి సున్నా తెచ్చుకున్నాడు, స్వర్ణం పోగొట్టుకున్నాడు.

సగటు వ్యాసార్ధం 12 నుంచి 8.1కి దిగింది.

మొత్తం ఇప్పటికి: పెల్లెట్లు 500. డ్రై ఫైర్ 1,500.

దశ 3: ఆగిపోయిన చోటు

8.1, 7.7, 8.0, 7.8. ఇక్కడే నిలిచిపోయింది. చిల్లులన్నీ ఒకే కాగితం మీద గుర్తుపెట్టి చూస్తే ఆకారం గుండ్రంగా లేదు. అడ్డం చెదురు నిలువు చెదురుకు దాదాపు రెండింతలు.

ప్రయత్నించి, ఫలితం లేక వెనక్కి తీసుకున్నవి:

1. ట్రిగ్గర్ బరువు తగ్గించడం. కాల్ లేకుండా పేలిన దెబ్బలు పెరిగాయి. పాత బరువుకే మార్చాం.
2. ముందు రింగు 4.2 నుంచి 3.8. తేడా లేదు.
3. రైఫిల్ ఒరుగుతోందేమోనని ముందు సైట్‌కు స్పిరిట్ లెవెల్. పెల్లెట్ 10 మీటర్లకు సుమారు 17 మి.మీ. దిగుతుంది. 5 డిగ్రీలు ఒరిగితే అందులో 1.5 మి.మీ. పక్కకు పోతుంది. ఒరగడం నిజమే, ఎంత చూసినా 2 డిగ్రీలు దాటలేదు. 8 మి.మీ. చెదురుకు ఇది కారణం కాలేదు.
4. చిల్లు ఏ దిక్కున పడితే ఏ తప్పు అని చెప్పే చక్రం బొమ్మ. అవి ఒంటిచేత్తో పిస్టల్ కాల్చేవాళ్ల కోసం గీసినవి. భుజానికీ చెంపకూ ఆనించే రైఫిల్‌కు ఆ కారణాలు వర్తించవు.

శరీరం సహజంగా ఎటు చూపిస్తోందో పరీక్ష కూడా చేశాం: గురి పెట్టి, కళ్లు మూసి, తెరిచి, రింగు ఎటు జరిగిందో చూడడం. ప్రతిసారీ బిళ్ల రింగులోనే ఉంది. అంటే నిలబడే తీరు సరిగ్గానే ఉందని అర్థం చేసుకున్నాం. ఈ పరీక్ష ఎందుకు అబద్ధం చెప్పిందో తర్వాతి దశలో తెలిసింది.

శరీరం ఒక్క డిగ్రీ తిరిగితే 10 మీటర్ల దగ్గర గురి 17 సెం.మీ. పక్కకు పోతుంది. ఒక రింగు దూరం, అంటే 2.5 మి.మీ., డిగ్రీలో డెబ్బయ్యో వంతు. ఇంత సన్నటి తేడాను కండరాలతో పట్టి నిలపడం ఎవరి వల్లా కాదు. ఎముకల మీద నిలబెట్టాలి.

ఈ దశలో 600 పెల్లెట్లు పోయాయి, వ్యాసార్ధం 0.3 మి.మీ. తగ్గింది.

మొత్తం ఇప్పటికి: పెల్లెట్లు 1,100. డ్రై ఫైర్ 2,000.

దశ 4: కోచ్

మొదటి సెషన్‌లో సగం సేపు పెల్లెట్ వేయనివ్వలేదు. కోచ్ టార్గెట్ వైపు చూడలేదు కూడా. షూటర్ వెనక్కి వెళ్లి, నడుము ఎత్తుకు వంగి చూశారు. ఎడమ మోచేతికీ తుంటి ఎముకకూ మధ్య రెండు వేళ్లు దూర్చి చూపించారు. ఆ సందు ఉన్నంతకాలం 5 కిలోల రైఫిల్‌ను ఎడమ భుజం కండరం మోస్తోంది. అడ్డం చెదురు అక్కడినుంచి వస్తోంది.

మన ఫోన్ వీడియోల్లో ఇది ఎందుకు కనిపించలేదంటే, ఫోన్ ఎప్పుడూ ఎదురుగా ఎడమ పక్కన ఉండేది. అక్కడినుంచి జాకెట్ ముడత సందును కప్పేస్తుంది.

కళ్లు మూసి చేసే పరీక్షలోనూ లోపం దొరికింది. కళ్లు ఒక్క సెకను మూసి తెరిస్తే, బిగించిన కండరం బిగించినట్టే ఉంటుంది, రింగు కదలదు. రెండు పూర్తి ఊపిరుల దాకా మూసి ఉంచి, ఎడమ భుజం కావాలని వదిలేసి, అప్పుడు తెరవాలి. అలా చేస్తే రింగు బిళ్లను వదిలి కార్డు దాటి కుడికి పోయింది.

మార్పులు కింది నుంచి పైకి, ఈ వరుసలోనే:

1. పాదాలు: భుజాల వెడల్పు. గురి పక్కకు పోతే కుడి పాదాన్ని కొద్దికొద్దిగా జరిపి సరిచేయడం. చేతులతో లాగడం పూర్తిగా బంద్.
2. తుంటి: ఎడమ తుంటి టార్గెట్ వైపు, మోకాళ్లు నిటారు, కానీ బిగించకుండా.
3. మోచేయి: తుంటి ఎముక మీద ఆనేలా. అందకపోతే నడుము ఇంకా వెనక్కి వంచకూడదు, ముందు కర్ర కింద చేతి పట్టు మార్చాలి. పిడికిలి ఎత్తు పెంచితే మోచేయి దిగుతుంది.
4. బట్ ప్లేట్ (భుజానికి ఆనే పలక): 12 మి.మీ. కిందికి దించడం. అలా దించితే భుజం దగ్గర రైఫిల్ అంత పైకి లేస్తుంది. అప్పటిదాకా మెడ ముందుకు వాలి, కన్ను కనుబొమ్మ కిందనుంచి చూసేది. పీప్‌కు కన్ను ఒక్కోసారి ఒక్కో దూరంలో ఉండేది.
5. చీక్ పీస్ (చెంప ఆనే దిమ్మ): తల బరువు దాని మీద వదిలేస్తే పీప్ మధ్యలోంచి ముందు గొట్టం గుండ్రంగా కనిపించాలి.
6. అన్నీ అయ్యాక, చివర్లో సైట్ జీరో (గ్రూపు కేంద్రం టార్గెట్ కేంద్రానికి వచ్చేలా సైట్ తిప్పడం).

ఈ వరుస తప్పితే పని రెట్టింపు అవుతుంది. ముందు చీక్ పీస్ సరిచేసి, తర్వాత పాదాలు జరిపితే తల ఎత్తు మారి చీక్ పీస్ మళ్లీ మొదటికి వస్తుంది.

నడుము గురించి విడిగా చెప్పాలి. సొంతంగా నిలబడడం నేర్చుకున్నవాళ్లు రైఫిల్ బరువుకు ఎదురుగా వెనక్కి వంగిపోతారు, కింది వెన్ను నొప్పి మొదలవుతుంది. వంపు అవసరమే, దాంతోపాటు నడుము పైభాగం టార్గెట్ వైపు తిరగడం ఎంత ఉండాలో పక్కనుంచి ఒకరు చూసి చెప్పాలి. నొప్పి వచ్చాక దిద్దుకుంటే ఆలస్యమైనట్టే.

మార్చిన వెంటనే వ్యాసార్ధం 7.8 నుంచి 9.6కి పెరిగింది. చాలామంది ఇక్కడే పాత పద్ధతికి పోతారు. పాత నిలకడ (నిలబడే తీరు) అలవాటైంది కాబట్టి ఒంటికి అదే సరైనదిగా అనిపిస్తుంది. కోచ్ పెట్టిన షరతు: 1,000 డ్రై ఫైర్ అయ్యేదాకా స్కోరు రాయొద్దు, మోచేయి ఆనిందా లేదా అన్నదే రాయాలి. ఆ వెయ్యి దాటాక 5.4. అడ్డం, నిలువు చెదురు దాదాపు సమానం.

మొత్తం ఇప్పటికి: పెల్లెట్లు 1,300. డ్రై ఫైర్ 3,200.

శిక్షణ వేగం ఎంతదాకా పోగలదో చెప్పే ఉదాహరణ ఒకటి ఉంది. మూడు ఒలింపిక్ స్వర్ణాలు గెలిచిన ఇటలీ షూటర్ నికోలో కంప్రియాని శరణార్థులకు ఎయిర్ రైఫిల్ మొదటినుంచి నేర్పారు. వారిలో లూనా సాలమన్ 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో శరణార్థి జట్టు తరఫున 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో పోటీపడింది. అంతటి కోచ్ అందరికీ దొరకరు. కానీ తప్పుడు నిలకడ అలవాటు కాకముందే సరైనది నేర్పడం ఏ కోచ్ అయినా చేయగలిగిన పని.

శిక్షణలో దొరకనివి

ఒక లైన్‌లో ఎనిమిది మందిని నిలబెట్టే క్లాసులో ఒక్కొక్కరి దెబ్బలు కోచ్ చూసేవి కొన్నే. క్లిక్కు విలువ, పెల్లెట్ సైజు, బట్ ప్లేట్ గీత నంబరు ఆయన గుర్తుపెట్టుకోరు. "ట్రిగ్గర్ మెల్లగా" అన్న మాట అందరికీ ఒకేలా వినిపిస్తుంది. కాల్‌లూ చిల్లులూ రాసుకున్న పుస్తకం తీసుకెళ్తే మాట మారుతుంది: చెదురు అడ్డంగా ఉందా, నిలువుగా ఉందా, కాల్‌తో కలుస్తోందా అన్నది చూసి సూటిగా ఆ చోటికే వస్తారు. పుస్తకం లేనివాళ్లకు సెషన్‌లో సగం సమయం ఆ సంగతి తెలుసుకోవడానికే పోతుంది.

దశ 5: పంచుకున్నాక

కోచ్‌కు: నిలకడ, బట్ ప్లేట్, చీక్ పీస్, జాకెట్ కొలత. సొంతానికి: డ్రై ఫైర్, కాల్, సైట్, పెల్లెట్లు, కొలతలు. వ్యాసార్ధం వరుసగా మూడు కొలతల్లో కదలకపోతే సెషన్. ఊరికే నెలకోసారి వెళ్లడం మానేశాం.

మళ్లీ మొదలుపెట్టేవాళ్లు దశ 3 దాకా ఆగకుండా, బల్ల పరీక్ష అవగానే నిలకడ కోసం రెండు సెషన్లు తీసుకోవాలి. దశ 3లో పోయిన 600 పెల్లెట్లూ మిగులుతాయి, మాన్పుకోవాల్సిన అలవాటూ ఉండదు.

ఇంట్లో తనిఖీకి:

1. చాప మీద పాదాల ఆకారం టేపుతో గుర్తు.
2. ఫోన్ ఒకసారి వెనకనుంచి నడుము ఎత్తులో, ఒకసారి కుడిపక్కనుంచి తల ఎత్తులో.
3. ప్రతి సర్దుబాటుకూ అంకె. "కొంచెం పైకి" అని రాస్తే మర్నాటికి పనికిరాదు.

సగటు వ్యాసార్ధం 4.6. తర్వాత కాగితం టార్గెట్ మీద పూర్తి మ్యాచ్ లెక్కన 60 దెబ్బలు, 90 నిమిషాలు. పదేసి దెబ్బలకు: 92.8, 92.1, 91.7, 92.4, 89.3, 87.9. మొత్తం 654కు 546.2.

చివరి రెండు వరుసల్లో చిల్లులు కిందికి సాగాయి. కాల్ మాత్రం చాలావాటికి సరిగ్గానే ఉంది, "కింద, ఎనిమిది" అంటే అక్కడే పడింది. కాబట్టి కన్ను, తల బాగానే ఉన్నాయి. వీడియోలో సమయం చూస్తే ఊపిరి ఆపినప్పటినుంచి పేలేదాకా మొదటి వరుసల్లో 6, 7 సెకన్లు. ఐదో వరుసనుంచి 11, 12. ఎనిమిది సెకన్లకు దించాలన్న నియమం అలసటలో జారిపోయింది.

మార్పులు: ప్రతి పది దెబ్బలకు రైఫిల్ స్టాండ్ మీద పెట్టి, పాదాలు తీసి మళ్లీ గుర్తుల మీద పెట్టడం. డ్రై ఫైర్‌లో ప్రతి ఐదో సారి, గురి బాగా కుదిరినా సరే, పేల్చకుండా దించడం. దించే అలవాటుకూ సాధన కావాలి.

మొత్తం ఇప్పటికి: పెల్లెట్లు 1,800. డ్రై ఫైర్ 5,000.

కోచ్‌కు పంపాల్సినవి: ఐదు, ఆరు వరుసల వీడియో వెనకనుంచి తీసినది, 60 కార్డుల అడ్డం నిలువు కొలతల పట్టిక, మోచేయి తుంటి మీదినుంచి జారుతోందా అన్న ప్రశ్న.